పైరమ్మ వెయ్యని ముడి

అనగనగా, మనుషులు నాగలి పట్టడం నేర్చుకున్నాక, పిట్టలు మాట్లాడటం మానెయ్యక ముందు, ఒక వరిచేను గట్టున దిగుడుబావి ఉండేది. బావి మీదికి ఒక ఈతచెట్టు వంగి ఉండేది. ఆ చెట్టు మట్టలకు గిజిగాళ్ళ గూళ్ళు వేలాడేవి. ఒక గూటిలో పైరమ్మ అనే ఆడపిట్ట మూడు గుడ్లు పొదుగుతూ ఉండేది.

ఒక పొద్దున ఆ గూటి పక్కకు తొండ పాక్కుంటూ వచ్చింది. చేలో వడ్లు బుగ్గల లెక్కన కొలిచి అప్పిచ్చే పందికొక్కు గాదెయ్యకు ఆ తొండ బంట్రోతు.

“పైరమ్మా, నువ్వు గాదెయ్యగారి దగ్గర మూడు బుగ్గల వడ్లు తీసుకున్నావట. వడ్డీతో ఆరయ్యాయి. రేపు పొద్దెక్కేలోగా తీర్చు. లేకపోతే గూడు జప్తు. గుడ్లు కూడా గూటితోపాటే.”

“నేను ఆయన ముఖమైనా చూడలేదు.”

“నీ పేరు ఆయన దగ్గర ఉంది కదా. నీ గుర్తు కూడా ఉంది,” అని తొండ తల ఊపుకుంటూ దిగిపోయింది.

పేరు ఉందట. పేరుకు ఆకలి వెయ్యదు, పేరు ఒక్క గింజ కూడా తినదు. అయినా బలిసినవాళ్ళు ముందు పేరునే పట్టుకుంటారు. దాన్ని ఈడిస్తే వెనకాలే ప్రాణమున్న పిట్ట వస్తుందని వాళ్ళకు తెలుసు.

ఆ చేలో ఒక ఆచారం ఉండేది. అప్పు తీసుకున్నవాళ్ళు తమ పనితనం చూపే వస్తువు ఒకటి గుర్తుగా ఇవ్వాలి. ఉడుతైతే కొరికిన టెంక ఇచ్చేది. సాలీడైతే దారం ఇచ్చేది. గిజిగాడైతే పచ్చగడ్డి ముడి ఇచ్చేవాడు. గాదెయ్య వాటన్నిటినీ బొరియలోకి దిగిన చెట్టు వేళ్ళకు తగిలించి, ఏ గుర్తు ఎవరిదో తనే చెప్పేవాడు. తక్కినవాళ్ళు తల వంచి వినేవారు.

పైరమ్మ ముందు ఇరుగుపొరుగును అడిగింది.

“ఆరు బుగ్గలేగా, ఎలాగో తెచ్చి పడెయ్యమ్మా,” అంది పక్కగూటి పిట్ట. “గాదెయ్యతో మనకెందుకు? రేపు మాకూ అవసరం పడదా?”

“తిననిదానికి కడితే రేపు నీ పేరు మీదా అప్పు చెబుతాడు,” అంది పైరమ్మ. పక్కగూటి పిట్ట లోపలికి వెళ్ళిపోయింది.

తర్వాత మొగుణ్ణి అడిగింది. అతని పేరు గరికయ్య. అవతలి మట్టకు ఇంకో గూడు మొదలుపెట్టి, దానికి ఊగుతూ రెక్కలు కొట్టుకుంటున్నాడు.

“ఏమయ్యా, నా పేరు మీద ఎవరో అప్పు తీసుకున్నారట.”

“పొరపాటయి ఉంటుందిలే. సర్దుకుందాం. గూళ్ళకేం తక్కువ, ఇంకోటి అల్లుతాను.”

“గుడ్లు?”

గరికయ్య గడ్డిపోచ సరిచేసుకుంటూ ఉండిపోయాడు. ఎవరు తీసుకున్నారని అతను అడగలేదు. ఎంత అప్పని కూడా అడగలేదు. పైరమ్మ ఆ రెండూ మనసులో పెట్టుకుంది.

మూడోసారి నేరుగా గాదెయ్య బొరియ దగ్గరకే వెళ్ళింది.

“నా గుర్తట. చూపించండి.”

గాదెయ్య బొరియ లోపలినుంచే ఒక ముడిని పైకెత్తి ఆడించాడు. “ఇదిగో. చూశావుగా.”

“బయటికి తెండి.”

“ఎండ తగిలితే పాడవుతుందమ్మా. ఎంత మంది గుర్తులు నా దగ్గర భద్రంగా ఉన్నాయో తెలుసా? నువ్వొక్కదానివే చూపించమని వచ్చావు.” గాదెయ్య నవ్వాడు. అతని బుగ్గలు నిండుగా ఉన్నాయి, పొట్ట నేలకు ఆనుతోంది.

పైరమ్మ చూపు బొరియ పక్కకు పోయింది. అక్కడ జెర్రిపోతు కుబుసం మెరుస్తోంది. చేలో కనబడ్డ ఎలుకనల్లా మింగే జెర్రిపోతు గుమ్మంలో కుబుసం విడిచిపోతే, ఈ పందికొక్కు ఇంత నిశ్చింతగా ఎలా బలిశాడు? నేలలో ఉండేవాడికి చెట్టు మీది గూడెందుకు? ఆమె ఏమీ అనకుండా వచ్చేసింది. ఆ రోజంతా గుడ్ల మీద కూర్చుని, గడ్డి కదిలిన ప్రతిసారీ తల బయటపెట్టి చూసింది.

మర్నాడు పొద్దున, జప్తుకు ముందు ఆనవాయితీగా జరిగే పంచాయితీ బావి మెట్ల మీద కూడింది. తీర్పు చెప్పే పెద్ద ఒక ముసలి తాబేలు. గిజిగాళ్ళందరూ మట్టల మీద వాలారు. గాదెయ్య ముడి పట్టుకుని, తొండను వెంటపెట్టుకుని వచ్చాడు.

పైరమ్మ ముందు తాబేలునే అడిగింది. “తాతా, మీరు ఈయన దగ్గర ఎప్పుడైనా ఏమైనా తిన్నారా?”

మట్టల మీద గుసగుసలు బయలుదేరాయి. పెద్దనే అడుగుతుందేమిటని కొందరు ముక్కులు తిప్పుకున్నారు.

“నాకు బావిలో నాచు చాలమ్మా,” అంది తాబేలు. “ఈ మాట నన్ను ఇన్నేళ్ళుగా ఎవరూ అడగలేదు. అడగాల్సింది. ఇక కానివ్వండి.”

గాదెయ్య సాక్షిని ముందుకు తోశాడు. “ఏరా, పైరమ్మ మూడు బుగ్గల వడ్లు తీసుకోవడం నువ్వు చూశావా?”

తొండ తల ఊపింది.

“తొండన్నా,” అంది పైరమ్మ, “నువ్వు ఆ రోజు ఎక్కడో ఎండ కాచుకుంటూ ఉన్నావు, నువ్వేమీ చూడలేదు. అవునా?”

తొండ తల ఊపింది.

“గాదెయ్యగారు చెప్పమన్నది చెబుతున్నావు. అవునా?”

తొండ తల ఊపింది. తర్వాత ఎవరూ ఏమీ అడగకపోయినా ఊపుతూనే ఉంది. పిట్టలు కిచకిచ నవ్వాయి.

“సాక్షి పోతే పోనీ,” అన్నాడు గాదెయ్య. “గుర్తు మాట్లాడుతుంది. ఇది గిజిగాళ్ళ ముడి. ఈమె నా ఎదురుగా కూర్చుని, తన ముక్కుతో వేసి ఇచ్చింది.”

చిటారు మట్ట మీద నుంచి ఒక మగపిట్ట రోషంగా ముందుకు వంగాడు.

“ఆడపిట్ట ముడి వెయ్యడమేమిటి? అల్లడం మా పని. మేము అల్లితే వాళ్ళు వచ్చి చూసి, నచ్చితే లోపల మెత్తగా పరుచుకుని గుడ్లు పెడతారు.”

“తరతరాలుగా అంతే,” అన్నాడు ఇంకొకడు.

నిన్నటిదాకా మనకెందుకులే అన్నవాళ్ళే ఇప్పుడు ఒకరి మీద ఒకరు పడి సాక్ష్యం చెప్పారు. న్యాయం కోసం కదలనివాళ్ళు తమ గొప్ప కోసం కదిలారు. నేల కింద బతికే గాదెయ్యకు ఈ సంగతి తెలియదు. గూట్లోంచి తల బయటపెట్టే ఆడపిట్టలు కూడా గూడు అల్లుతాయని అనుకున్నాడు.

“మరి ఈ ముడి ఎవరిది?” అంది తాబేలు.

పైరమ్మ ముడి దగ్గరకు వెళ్ళి, ముక్కుతో ఇటూ అటూ తిప్పి చూసింది.

“ఎవరిదైతేనేం తాతా, చేతకానివాడిది. ఎంత వదులుగా ఉందో చూడండి. దీంతో గూడు కడితే గాలి అక్కర్లేదు, పిట్ట తుమ్మితే ఊడిపోతుంది.”

మగపిట్టలు ఒక్కొక్కరే దిగి వచ్చి చూశారు. “ఛీ, ఇది నాది కాదు.” “నా ముడి చిన్నప్పుడు కూడా ఇంత అధ్వాన్నంగా లేదు.” “వీడికి పెళ్ళాం ఎలా దొరికిందో.”

“వదులేం కాదు,” అన్నాడు గరికయ్య. “మంచి గట్టి ముడే. పచ్చి గడ్డితో వేశాను. ఎండాక వదులైంది.”

అన్నాక గానీ ఏమన్నాడో అతనికి తెలియలేదు.

పైరమ్మ అతని వైపు తిరిగింది. “గింజలు ఎవరు తిన్నారు?”

“నేనే,” అన్నాడు గరికయ్య, తల దించుకుని. “రెండో గూడు అల్లాలంటే ఒంట్లో సత్తువ ఉండాలి కదా. నా పేరే చెప్పబోయాను. గాదెయ్యే, ‘నీ పేరు వద్దు, గుడ్లున్నదాని పేరు చెప్పు’ అన్నాడు.”

“నా గుడ్లు నీ గుడ్లు కావా?”

గరికయ్య రెక్కలు ముడుచుకుని వెనక్కి జరిగాడు.

“ఇంక ఒక్క మాట అడుగుతాను తాతా,” అంది పైరమ్మ. “గాదెయ్యగారూ, మీరు చెట్టెక్కలేరు. గుడ్లు పొదగలేరు. వడ్లు పోతే వడ్లు అడగాలి. గుడ్లున్న గూడే ఎందుకు కావాలి? పోయిన ఏడు మీరు జప్తు చేసిన గూళ్ళలో గుడ్లు ఏమయ్యాయి? మీ గుమ్మంలో ఆ కుబుసం ఎవరిది?”

బావి గట్టున కలబంద పొద కదిలింది. అందులో ఉదయం నుంచి చుట్టచుట్టుకుని కూర్చున్న జెర్రిపోతు తల ఎత్తింది. ఇవాళ మూడు గుడ్లు దొరుకుతాయని గాదెయ్య దానికి మాటిచ్చాడు. తన ప్రాణం కాపాడుకోవడానికి ప్రతి ఏడూ ఇలా ఎవరివో గుడ్లు అప్పగిస్తూ వచ్చాడు. అతను అప్పులిచ్చేది తీరడానికి కాదు, తీరకపోవడానికే.

పిట్టలన్నీ ఒక్కసారిగా లేచి, మట్టల మీద గోల మొదలుపెట్టాయి. నిన్న లోపలికి వెళ్ళిపోయిన పక్కగూటి పిట్ట గొంతే అందరికంటే పైకి వినిపించింది.

తాబేలు తీర్పు చెప్పింది. “ముడి గరికయ్యది, ఆకలి గరికయ్యది, అప్పు గరికయ్యది. మూడు బుగ్గల వడ్లు ఏరి తెచ్చి ఇస్తాడు. వడ్డీ లేదు. ఈ రోజు నుంచి ఏ గూడూ ఏ అప్పుకూ తాకట్టు కాదు. బొరియలో వేలాడే గుర్తులన్నీ బయటికి తెచ్చి ఎండలో పరచాలి. ఎవరిది ఏదో వాళ్ళే చెబుతారు.”

గాదెయ్య గబగబా చేను వైపు నడిచాడు. వెనక గడ్డిలో సన్నగా సరసర వినిపిస్తే ఆగి చూశాడు. జెర్రిపోతుకు ఆకలిగా ఉంది. ఇచ్చిన మాట ప్రకారం ఎవరో ఒకరు దానికి బాకీ ఉన్నారు. ఈసారి చెప్పడానికి గాదెయ్య దగ్గర ఇంకొకరి పేరు లేదు.

పైరమ్మ గూటికి వెళ్ళింది. గుడ్లు లెక్క చూసుకుంది. మూడూ ఉన్నాయి, ఇంకా వెచ్చగానే ఉన్నాయి. గరికయ్య గుమ్మం దగ్గర వాలబోతే, “ముందు వడ్లు ఏరుకురా,” అని రెక్కలు విప్పి గుడ్ల మీద కూర్చుంది.

నీతి: నీకు తెలియకుండా నీ పేరున చేసిన అప్పుకు భయపడి తల వంచితే అది నీదైపోతుంది, వెలుగులోకి తెచ్చి చూపించమని నిలబడి అడిగితే, అది తిన్నవాడి దగ్గరకే తిరిగి పోతుంది.