రేవు వీధిలో అమావాస్య భోజనం

కోటరేవులో పాత రేవు వీధంటే మనుషులకే కాదు, జంతువులకీ మోజే. ఓడలొచ్చే కాలంలో కట్టిన మేడలు, మూరెడు మందం గానుగ సున్నం గోడలు, ఏటివైపు తెరుచుకునే కమాను గుమ్మాలు. పై అంతస్తుల్లో మనుషులుండేవారు. కింద కొట్లల్లో, మెట్ల సందుల్లో, తూముల పక్కన మిగతా జనం. ఆ వీధిలో ఏ పిల్లికైనా ఒక మెట్టు కింద చోటు దొరికిందంటే చాలు, పక్క పేట పిల్లులన్నీ దాన్ని "అండీ" అని పిలిచేవి.

ముంగిస అచ్చాయమ్మది ఆ వీధి కాదు. వీధి వెనక మిట్ట మీద పాడుబడ్డ సున్నపు బట్టీ ఉంది. అక్కడే పుట్టింది, అక్కడే పెరిగింది. వేసవిలో కుంపటి. ఏరు కనపడుతుంది గానీ, గాలి మాత్రం రేవు వీధి వాళ్ళు పీల్చుకోగా మిగిలిందే వచ్చేది. ఆవిడకి నలుగురు పిల్లలు, ఇంకా సరిగా కళ్ళు విప్పని పసిగుడ్లు. వీళ్ళు నలుగురూ రేవు వీధి పిల్లలు అనిపించుకోవాలి, అంతే ఆవిడ కోరిక. ఈ సంగతి వీధిలో తెలియనివాళ్ళు లేరు. నక్క గవర్రాజుకి తెలియకుండా ఎలా ఉంటుంది?

ఓ బహుళ దశమినాడు గవర్రాజే ఎదురొచ్చాడు.

"ఆయ్, రండి అచ్చాయమ్మగారూ, రండి. ఉప్పు కొఠారు కింద గది, మన సొంతవేనండి. పొద్దున్నే ఈ గడపలో కూచున్నారంటే చేపలే వచ్చి దణ్ణం పెట్టి పోతాయండి."

అచ్చాయమ్మ కమాను కింద నిలబడింది. ఏటిగాలి మీసాలకి తగిలింది. గోడలు తెల్లగా మెరుస్తున్నాయి. అక్కడే ఆవిడ సగం బుట్టలో పడిపోయింది.

"నీళ్ళు లోపలికి రావు కదండీ?"

"ఎక్కడండీ బాబూ! ఇప్పుడు ఏరు పోటు మీదే ఉంది. అదిగో, అయిదు మెట్ల కిందుంది. నా మాటెందుకు, మీ కళ్ళతో మీరే చూసుకోండి."

చూసింది. నిజంగానే అయిదు మెట్ల కిందుంది.

"ఇంత మంచిల్లు ఎందుకొదులుకుంటున్నారు మరి?"

"కీళ్ళ నొప్పులండి. నాకు పొడి చోటు కావాలి. మీ బట్టీ నాకు, నా ఇల్లు మీకు, మార్పిడి. రేపు చేపల బజారు పందికొక్కు వాళ్ళొస్తామన్నారు గానండి, పదహారు మంది సంతానం, గోడలు తవ్వి పోసేత్తారు. నాకు మనసొప్పలేదండి."

పందికొక్కుల మాట వినగానే అచ్చాయమ్మకి ఇల్లు చెయ్యిజారిపోతుందనిపించింది. ఆ రేవులో కాగితాలూ సంతకాలూ లేవు. గడప మీద చెయ్యి పెట్టి, సాక్షి ముందు "సరే" అంటే ఇల్లు మారినట్టే. మాట తప్పినవాళ్ళకి ఆ రేవులో ఎక్కడా నీడ దొరకదు. సాక్షి తాబేలు తాతారావు గడప పక్కనే ఎండ కాగుతున్నాడు. అచ్చాయమ్మ గడప మీద చెయ్యి పెట్టింది.

"సరే," అంది.

"సరే," అన్నాడు నక్క. "అమావాస్య లోపల మారిపోండి. అమావాస్యపూట ఎవరూ ఇళ్ళ జోలికి పోరు కదండీ." తోక ఊపుకుంటూ వెళ్ళిపోయాడు.

తన ఇంట్లో తను మొదటిసారి ఒంటరిగా మిగిలిన అచ్చాయమ్మ, మురిపెంగా గోడకి ముక్కు ఆనించింది. వెంటనే తీసేసింది.

బట్టీలో పుట్టినదానికి సున్నం వాసన కొత్త కాదు. గోడ పైభాగం సున్నం నూరేళ్ళ నాటిది. కింది భాగానిది మూడురోజుల నాటిది. వెల్ల వేసేవాడెవడైనా పైనుంచి మొదలెడతాడు. ఇదేమిటి, నేల దగ్గర మొదలెట్టి దీపం గూటికి బెత్తెడు కింద ఆపేశాడు? ఓ పాత చెక్క గోడకి ఆనించి ఉంటే దానిమీద పాకి, గోటితో గీకింది. పెచ్చు ఊడింది. దాని కింద చిన్న చిన్న గుల్లలు, రేవులో పడవలు కట్టే గుంజలకి పట్టేవే, బారులు బారులుగా అతుక్కుని ఉన్నాయి. గూటికి బెత్తెడు కింద వరకూ గుల్లలే. ఆ పైన ఒక్కటీ లేదు.

పైన పటారం, లోన లొటారం. నీళ్ళు రాని చోట గుల్ల బతకదు. గూడేమో నక్క కూర్చుంటే తల మించిన ఎత్తులో ఉంది. నేలమీద పడుకోబెట్టాలనుకున్న పిల్లలు గుర్తొచ్చి అచ్చాయమ్మ చెక్క మీంచి దూకేసింది. పరుగున బయటికొచ్చింది.

"తాతా! ఆ ఇంట్లోకి నీళ్ళొస్తాయా?"

"వస్తాయి," అన్నాడు తాతారావు, కళ్ళు తెరవకుండానే.

"మరి ఇందాక చెప్పలేదేం?"

"నువ్వు నన్నడిగావా? నక్కనడిగావు. అడగందే అమ్మైనా పెట్టదు."

"అయితే ఇప్పుడు అడుగుతున్నాను. ఎప్పుడొస్తాయి?"

"అమావాస్యకీ, పున్నానికీ. పోటు పొంగేది అప్పుడే. దశమికి ఏరు నిద్దరోద్ది. ఇళ్ళు చూసేవాళ్ళంతా మంచిరోజని దశమికే వస్తారు. అమావాస్యకి చెడ్డరోజని ఎవరూ రారు. పున్నానికి వస్తామంటే గవర్రాజు ఊళ్ళో ఉండడు. అసలు వాడూ అలాగే మునిగాడులే. దశమినాడు కొంగ దగ్గర పుచ్చుకున్నాడు. నీళ్ళొస్తాయా అనడిగితే, ఎప్పుడైనా మోకాళ్ళ దాకా వస్తాయంది కొంగ. దాని మోకాళ్ళు ఎక్కడుంటాయో వీడు ఆలోచించుకోలేదు."

అచ్చాయమ్మకి నవ్వు రాలేదు. "మాట వెనక్కి తీసుకుంటే?"

"నీ పిల్లలకి ఈ రేవులో నీడుండదు. బట్టీ కూడా వదిలి పోవాలి."

"వాడు తప్పితే?"

"వాడి మాట వాడికే చెడ్డది. నీ బట్టీ నీకే ఉంటాది."

ముందు నుయ్యి, వెనక గొయ్యి. ఆ రాత్రంతా అచ్చాయమ్మ పిల్లల్ని పొట్ట కింద పెట్టుకుని ఆలోచించింది. తెల్లారి నక్క దగ్గరికి వెళ్ళింది.

"గవర్రాజుగారూ, మా ఇంటి ఆచారం ఒకటుందండి. పెద్దలకి పెట్టుకోందే కొత్తింట్లో కాపురం పెట్టం. పెద్దలకి పెట్టేది అమావాస్యనాడే కదా. ఇల్లిచ్చిన మీరే భోక్తగా కూర్చోవాలి."

నక్క చెవులు నిక్కబొడుచుకున్నాయి. "అమావాస్యా? ఇవాళ ఏకాదశి, దివ్యంగా ఉందండీ..."

"ఏకాదశినాడు ఉపవాసమండీ! పీతల ఇగురు, ఎండు రొయ్యల పులుసు, బాతుగుడ్లు. అవన్నీ ఇవాళెలా పెట్టను?"

గవర్రాజు గుటక వేశాడు. కాదంటే ఎందుకు కాదంటున్నావని అడుగుతారు. తాతారావు వింటూనే ఉన్నాడు. పొద్దున్నే కూర్చుని గబగబా తినేస్తే పోటు ఎక్కేలోపు అయిపోతుంది కదా అని లెక్కేసుకున్నాడు. ఆ పైన అచ్చాయమ్మ ముఖంలోకి చూసి, ఓ మెలిక పెట్టాడు.

"అలాగేనండి. భోక్త విస్తరి ముందు కూచున్నాక మధ్యలో లేవకూడదు, తెలుసు. కానండి, వడ్డించే ఇల్లాలూ గడప దాటకూడదు. పిల్లలూ అక్కడే ఉండాలి. పిల్లల్లేని ఇంట పెద్దలు మెతుకు ముట్టరండి. ఎవరు ముందు లేస్తే మాట వాళ్ళది తప్పినట్టు. ఏవంటావు తాతారావూ?"

"న్యాయంగానే ఉంది," అన్నాడు తాబేలు.

తల్లి అన్నది నీళ్ళు చూస్తే ముందు పారిపోతుందని నక్క ధీమా. అచ్చాయమ్మ "సరే" అంది, దీపం గూటి ఎత్తు తలుచుకుని.

అమావాస్య పొద్దున పిల్లల్ని ఒక్కొక్కరినే నోట కరుచుకుని తెచ్చి దీపం గూట్లో పెట్టింది. నలుగురూ ఒకరి మీద ఒకరు ముడుచుకుని పడుకున్నారు. గడప మీద తాతారావు. లోపలి గోడవారన విస్తరి ముందు గవర్రాజు.

ఇగురులోంచి రెండు పీతలు వడ్డించింది. నక్క నమలకుండా మింగాడు. "కానివ్వండి, కానివ్వండి!"

"నిదానంగానండి. పెద్దలు తింటున్నారు," అని గది మూలనున్న పులుసు గిన్నె దగ్గరికి వెళ్ళింది. పులుసు తెచ్చేసరికి గడప తడిసింది.

"ఏవిటో చెమ్మగా ఉందండీ నేల," అంది అచ్చాయమ్మ.

"పాత ఇళ్ళండి, చెమ్మ ఉంటాది." నక్క తోకని ఒళ్ళోకి తీసుకున్నాడు.

నీళ్ళు విస్తరిని ఎత్తాయి. అది మెల్లగా పక్కకి జరిగింది. గవర్రాజు ముంగాలితో దాన్ని పట్టుకుని, ఏమీ కానట్టే గుడ్డు కొరికాడు. అచ్చాయమ్మ మిగిలిన పీతతో చెక్క ఎక్కింది.

"అచ్చాయమ్మగారూ, పిల్లలకి చలేస్తున్నట్టుందండి. తీసుకుపోండి పాపం. నేనేం అనుకోను."

"వాళ్ళకేం, హాయిగా నిద్రపోతున్నారు. ఇంకో పీత వెయ్యనాండీ?"

నీళ్ళు నక్క పొట్ట దాటాయి. రొమ్ముకొచ్చాయి. చెక్క తేలిపోయింది. అచ్చాయమ్మ గూటి అంచు పట్టుకుని పీతని పైనుంచి జారవిడిచింది. నక్క గడ్డం పైకెత్తి అందుకున్నాడు. అందుకున్నాడు గానీ మింగలేడు, కక్కలేడు. ఇద్దరూ ఒకరి కళ్ళలోకి ఒకరు చూసుకుంటున్నారు. గీకిన చోట గుల్లలు ఒక్కో వరసే మునుగుతున్నాయి. నాలుగు వరసలు మిగిలాయి. మూడు. చిన్నపిల్ల నిద్రలో కుయ్యిమంది. గుల్లలు అబద్ధం చెబితే? ఇవాళ గాలి కూడా ఉందే! అచ్చాయమ్మ పిల్లల్ని లెక్కపెట్టింది. మహా అయితే నలుగురిలో ఇద్దరినే నోట పట్టగలదు. ఏ ఇద్దరిని? ఆ ఆలోచన రాగానే కళ్ళు గట్టిగా మూసుకుంది. కదల్లేదు.

నీళ్ళు నక్క ముక్కులో దూరాయి.

"బాబోయ్!" గవర్రాజు పీతని కక్కి, విస్తరిని తన్ని, కమాను వైపు ఈత కొట్టాడు. "చచ్చేటట్టున్నాం! ప్రతి అమావాస్యకీ ఇదే గోల! గూట్లో ఉన్నావు గాబట్టి సరిపోయింది, నేనిక్కడ..."

గుమ్మంలో తీరిగ్గా తేలుతున్న తాతారావు మెడ బయటికి పెట్టాడు. "ఏవన్నావు గవర్రాజూ? ప్రతి అమావాస్యకీనా?"

నక్క మాట మార్చబోయాడు. అప్పటికే మెట్ల పైన కాకులు వినేశాయి.

"భోక్త లేచాడు," అన్నాడు తాబేలు. "మాట వాడిది తప్పింది. బట్టీ నీదే తల్లీ."

అచ్చాయమ్మ కళ్ళు తెరిచింది. ఆఖరి వరస గుల్లల మీద నీళ్ళు ఆగి ఉన్నాయి. గూటికి ఇంకా బెత్తెడుంది. పిల్లల మీద పడి ఏడ్చింది, సిగ్గు లేకుండా ఏడ్చింది. పాటు మొదలై, నీళ్ళు వెనక్కి తీసి నేల తేలేదాకా అక్కడే ఉండి, నలుగురినీ నాలుగు సార్లుగా మిట్టకి చేర్చుకుంది.

గవర్రాజు ఇప్పటికీ ఉప్పు కొఠారు కిందే ఉంటున్నాడు. మునిగే కొంప నీడ లెక్కలోకి రాదని తాతారావు తేల్చాడు. అతను ఆయ్ అంటే తిరిగి ఆయ్ అనేవాళ్ళు లేరు. అమావాస్య వస్తే తడి తోకతో మెట్ల మీద కూర్చుంటాడు. ఆ పూట రేవు వీధి నిండా జనం. ఇప్పుడు ఇళ్ళు చూసేవాళ్ళంతా ఆ రోజే వస్తున్నారు మరి. సాయంత్రం బట్టీ ముందు పిల్లల్ని ఆడించుకుంటూ అచ్చాయమ్మ వాళ్ళని చూస్తుంటుంది. ఏటిగాలి, వీధి వాళ్ళు పీల్చుకోగా మిగిలింది, ఆమెదాకా వస్తుంది. అది చాలు ఆవిడకి.

ఇంటిని మంచిరోజున చూసి మురిసిపోకు. దాని చెడ్డరోజున చూసి నమ్ము.