అందరి చెవినా పడాల్సిన గంట

తాటిచెర్ల చర్చిని ఊరివాళ్ళు విచారణ గుడి అంటారు. దాని తాళాలు మూడు తరాలుగా శౌరయ్య ఇంట్లోనే ఉన్నాయి. "ఊళ్ళో తెలివంతా మన గడప లోపలే ఉంది, అందుకే స్వాములు తాళాలు మనకిచ్చారు" అనేవాడు శౌరయ్య. "అది బయటికి పోకుండానే కదా నేను తలుపులు వేసి ఉంచేది" అనేది పెళ్ళాం ఇన్నాసమ్మ. బావమరిది జోజి అయితే తెలివి కారిపోతుందని తలపాగా తీసేవాడే కాదు.

ఆ ఏడు ఈస్టర్‌కి ముందొచ్చే తపస్సుకాలం మొదట్లో, కొత్తగా వచ్చిన ఫాదర్ గారు ప్రసంగంలో, "ఈ నలభై రోజులూ నోరు కట్టుకోండి" అన్నారు. అంతే, ముగ్గురూ మూతులకి తువ్వాళ్ళు బిగించేశారు. గుడిలో పాట ఎత్తుకునేది ఇన్నాసమ్మే. పై ఆదివారం ఆవిడ "ఊఁ ఊఁ" అంటే, అదేదో కొత్త పాట అనుకుని జనమూ "ఊఁ ఊఁ" అన్నారు.

ఫాదర్ గారు కట్లు విప్పించి, "తిండి తగ్గించమన్నానమ్మా" అన్నారు.

"ఆ ముక్క ముందే చెబితే వారం రోజులు మాట్లాడుకునేవాళ్ళం గదా స్వామీ" అంది ఇన్నాసమ్మ.

మరో ఆదివారం, "పాత మనిషిని విడిచిపెట్టి కొత్త మనిషిని ధరించుకోండి" అన్నారాయన. ఇంట్లో పాత మనిషంటే శౌరయ్య తండ్రి రాయప్ప. శౌరయ్యకి మనసొప్పలేదు. అయినా గురువుల మాటాయె. ముసలాయన్ని బస్సెక్కించి, పొరుగూళ్ళో చెల్లెలింట్లో విడిచిపెట్టి వచ్చాడు. ఇక కొత్త మనిషి కావాలి. ఊరికి కొత్తగా వచ్చింది పోస్టుమాస్టరొక్కడే. ఇంకేముంది, జోజి ఆయన్ని పట్టుకొచ్చి బావ భుజాల మీద కూర్చోబెట్టాడు. పూజంతా శౌరయ్య అలాగే నిలబడ్డాడు.

"ఎలా ఉంది బావా?"

"మెడ దగ్గర కాస్త బిగుతురా."

ఫాదర్ గారే వెళ్ళి రాయప్పని వెనక్కి తెచ్చారు.

జనం ఈత మట్టలు పట్టుకుని గుడి చుట్టూ తిరిగే మట్టల ఆదివారం ముందు ఆయన, "ఈసారి మందలో ఒక్క గొర్రె కూడా తగ్గకూడదు శౌరయ్యా" అన్నారు. శౌరయ్య ఊళ్ళో ఉన్న ఎనభై గొర్రెల్నీ గుడిలోకి తోలాడు. వాటికి పచ్చటి ఈత మట్టలు కనబడ్డాయి. అంతే, ప్రదక్షిణ మొదలయ్యేసరికి జనం చేతుల్లో ఉత్త ఈనెలు మిగిలాయి.

ఫాదర్ గారు కోప్పడలేదు. "ఇంకొక్కటి జరిగితే తాళాలు వేరేవాళ్ళకిస్తాను" అన్నారంతే. శౌరయ్యకి ఆ వారమంతా అన్నం సయించలేదు.

ఈస్టర్ నాటి పాస్కా పండగ ముందురోజు ఆయన పిలిచి, "రేపు పొద్దున్నే గుడి గంట ఊళ్ళో ప్రతి ఒక్కరి చెవినా పడాలి. ఒక్కరు కూడా తప్పకూడదు" అని చెప్పారు.

"ఇది తేలికే స్వామీ" అన్నాడు శౌరయ్య.

పొద్దున్నే గంటని కిందికి దించి, కర్రకి కట్టి, బావాబావమరుదులు భుజాన వేసుకున్నారు. ఇన్నాసమ్మ ముందు నడిచింది. మొదటింట్లో తెరెసమ్మ కళ్ళాపి జల్లుతోంది.

"వదినా, కాస్త పక్కకి తిరిగి పడుకో. నీ చెవిన గంట పడాలి. ఇంకా చాలా ఇళ్ళున్నాయి" అంది ఇన్నాసమ్మ.

తెరెసమ్మ బకెట్టు వదిలేసి పరుగో పరుగు. ఆవిణ్ణి చూసి వీధి, వీధిని చూసి ఊరు. అందరూ వెళ్ళి గుడిలో పడ్డారు.

కిక్కిరిసిన గుడిని చూసి ఫాదర్ గారి కళ్ళు చెమర్చాయి. "గంట మోగినట్టే లేదు, ఇంతమంది ఎలా వచ్చారయ్యా?" అని అడుగుతుండగానే, రొప్పుతూ శౌరయ్య, జోజి గంటతో లోపలికొచ్చారు.

"క్షమించండి స్వామీ, ఒక్కరూ నిలబడలేదు" అన్నాడు శౌరయ్య. "సరే, ముందు మీతో మొదలుపెడతాం. కుడి చెవా, ఎడమ చెవా?"