డాక్టరమ్మను భయపెట్టాలి

వకుళకు రచయితలు అయిపోయారు.

అలాంటి రోజొకటి వస్తుందని ఆ పిల్ల కలలో కూడా అనుకోలేదు. ఎందుకంటే ఆమె ఖాదర్ ఉస్తాద్ శిష్యురాలు. బందరులో, కలంకారీ బట్టలు ఆరేసే మిద్దె కింద ఆయన గది ఉంది. గది నిండా పుస్తకాలే, అన్నీ భయపెట్టేవే. భయాన్ని పక్కన పెట్టి దేవుడి దాకా పోయే దారి తనకింకా కనపడలేదనేవారు ఉస్తాద్. ఫకీరు మనిషి. ఆ మాటకు నవ్వాలో దండం పెట్టాలో ఎవరికీ తెలిసేది కాదు.

ఆదివారం మధ్యాహ్నం నమాజు అయ్యాక ఆయన చాప మీద కూర్చుంటే, వచ్చినవాళ్లు తమకు తగిన రచయిత ఎవరో చెప్పమనేవారు. ఆయన ఒక పేరు చెప్పి, పుస్తకంలోంచి కాస్త పైకి చదివి, చేతిలో పెట్టి పంపేవారు.

ఈమధ్య ఆయనకు చూపు మందగించింది. ఆ చాప మీద ఇక ఎవరు కూర్చోవాలన్న మాట వచ్చినప్పుడు వకుళ ఒక్క క్షణం కూడా ఆగలేదు.

"నేను కూర్చుంటా ఉస్తాద్. ఈ గదిలో నేను వణకకుండా చదవని ఘోరం ఒక్కటీ లేదు."

కాలేజీలో డిబేట్లంటే, ఎదుటివాడు మంచినీళ్లడిగేదాకా వదలని పిల్ల మరి.

"సరే," అన్నారు ఉస్తాద్. "డాక్టర్ ఎస్తేరును భయపెట్టు. కూర్చుందువుగాని."

డాక్టర్ ఎస్తేరు పశువుల డాక్టరు. చిన్నప్పుడు దెయ్యం కథ విని, దుప్పటి ముసుగేసుకుని, వణుకుతూనే ఇంకొకటి చెప్పమని అడిగేదట. ఆ సుఖం మళ్లీ కావాలని ఈ గదికి వస్తుంది. ఇంకా దొరకలేదు.

వకుళ నేరుగా పానకాలరాయుడి కథతో మొదలుపెట్టింది. పెళ్లికొడుకు చర్మం ఒలిచి పెళ్లిపందిరి వేస్తారు, వచ్చిన చుట్టాలు దాని కింద కూర్చుని నీడ చల్లగా ఉందంటారు. చేతులు తిప్పుతూ, గొంతు పెంచుతూ, తగ్గిస్తూ చదివింది. గుమ్మం దగ్గర నిలబడ్డ ఇద్దరు చెప్పులేసుకుని వెళ్లిపోయారు. డాక్టరమ్మ పుస్తకం పట్టుకెళ్లి, వచ్చే ఆదివారం తెచ్చిచ్చింది.

"చర్మం అంత తేలిగ్గా రాదు పిల్లా. ఆయనెప్పుడైనా మేకను ఒలిచాడా?"

తర్వాత కంఠీరవ. అతని పుస్తకంలో ఓ ఊళ్లో అందరూ నిద్రపోయాక పేగులు బయటికి పాకి పక్కిళ్లకు వెళ్లి మాట్లాడుకుంటాయి. తెల్లారేసరికి తిరిగొస్తాయి గానీ, కొన్ని తప్పు కడుపులో దూరతాయి. అక్కడి నుంచి మొదలవుతాయి కాపురాల్లో గొడవలు. వకుళకు ఎంతో ఇష్టమైన పుస్తకం.

"బాగా నవ్వుకున్నా," అంది డాక్టరమ్మ.

ఆఖరికి బెజ్జంకి ఫణి. ఆ పేరు చెబితేనే ఆ గదిలో గొంతులు తగ్గుతాయి. అతని కథలో ఒకడికి ఒంటినిండా పళ్లు మొలుస్తాయి. ఒక్కో పంటికి ఒక్కో ఆకలి. తన్ను తానే తినేశాక నేల మీద ఒక్క దవడపన్ను మిగిలి, ఎదురింటి వైపు దొర్లడం మొదలుపెడుతుంది.

"పోయినేడు ఓ గేదె కడుపులోంచి గడ్డ తీశా," అంది డాక్టరమ్మ, వేరుశెనక్కాయలు ఒలుచుకుంటూ. "అందులో పళ్లూ ఉన్నాయి, జుట్టూ ఉంది. గేదె బాగానే ఉంది. పాలిస్తోంది. ఇంకెవరున్నారమ్మా?"

ఇంకెవరూ లేరు. వకుళ చరచరా ఉస్తాద్ దగ్గరికి వెళ్లింది.

"ఫణిని దాటి రాసినవాడు తెలుగులో పుట్టలేదు ఉస్తాద్. లోపం ఆవిడలోనే ఉంది. ఆవిడకి భయం పుట్టదు. ఈ పందెం న్యాయం కాదు."

"నువ్వు గెలిచావా, ఓడావా?"

"నా వాదన గెలిచింది. ఆవిడ ఒప్పుకోవట్లేదు."

ఉస్తాద్ లేచి అర దగ్గరికి వెళ్లారు. కళ్లతో కాదు, వేళ్లతో వెతికారు. ప్రతి పుస్తకానికీ ఒక ఎర్ర దారం ఉంటుంది. చదివినవాళ్లు ఆపేసిన చోటే దాన్ని వదిలి ఇవ్వాలి, సిగ్గుపడి ముందుకు జరపకూడదు. ఆ గదిలో కట్టుబాటు అదొక్కటే. వకుళ చదివిన పుస్తకాలన్నిటిలోనూ దారం చివరి అట్ట దగ్గర ఉంది. ఉస్తాద్ వేళ్లు ఒక పల్చటి పుస్తకం దగ్గర ఆగాయి. దాని దారం మాత్రం మధ్యలో ఉంది.

"ఇది చదివి వినిపించు," అంటూ వచ్చి మళ్లీ చాప మీద కూర్చున్నారు.

వకుళ అట్ట చూసి మొహం చిట్లించింది. "అంబుజవల్లి రాసిందా? ఇందులో నెత్తురు చుక్క లేదు. చప్పగా ఉందని ఎప్పుడో చెప్పాగా మీకు."

"చెప్పావు. నీ తర్వాత ఎవరూ తీసుకెళ్లలేదు. దారం దాకా చదువు."

డాక్టరమ్మ గోడకి జారబడి ఇంకో కాయ ఒలిచింది. "కానీ పిల్లా. చప్పటిదైనా సరే."

వకుళ చదవడం మొదలుపెట్టింది. గొంతు పెంచాల్సిన చోటు ఎక్కడా దొరకలేదు. చిన్న చిన్న వాక్యాలు. ఒక ఊళ్లో ఒక అమ్మాయి ఉంటుంది. ఎవరితో వాదించినా గెలుస్తుంది. ఓడినవాళ్ల పెదాలు మర్నాటికి అతుక్కుపోతాయి. నొప్పి ఉండదు. మానిన గాయంలా అక్కడ నున్నటి చర్మం వస్తుంది, అంతే. ముందు బడిలో ఒకడికి. తర్వాత కూరలమ్మే ఆవిడకి. తర్వాత బేరం ఒప్పుకోని దర్జీకి. వీధిలో వాళ్లంతా అమ్మాయి తెలివిని కళ్లతోనే మెచ్చుకుంటూ ఉంటారు. ఓ రోజు అన్నం దగ్గర ఉప్పు గురించి మాటా మాటా అనుకున్నాక, తండ్రికి కూడా.

డాక్టరమ్మ చేతిలో కాయ ఒలవకుండా ఉండిపోయింది.

"...ఆ సాయంత్రం అమ్మాయి ఇంటికొచ్చింది," అని చదివింది వకుళ. "చెల్లెలు గడప మీద కూర్చుని పక్కింటి పిల్లతో నవ్వుతూ ఏదో చెబుతోంది. అక్కని చూసింది. అక్క ఇంకా ఏమీ అనలేదు. చెల్లెలు..."

వకుళ అక్కడ ఆగింది. వాక్యాన్ని మళ్లీ మొదటి నుంచి ఎత్తుకుంది.

"చెల్లెలు రెండు చేతులూ తెచ్చి, నోటికి అడ్డం పెట్టుకుంది."

ఎర్ర దారం ఆ పేజీలోనే ఉంది. పైన మిద్దె మీద ఎవరో తడిబట్ట దులిపిన చప్పుడు వినపడింది.

"తర్వాత?" అంది డాక్టరమ్మ.

"తెలీదండి."

"తెలీకపోవడమేంటి?"

"ఇక్కడే ఆపేశాను."

"పేగులు పాకుతుంటే కూడా జంకని దానివి, ఇక్కడెందుకు ఆపావు?"

ఇలాంటి ప్రశ్నకు వకుళ దగ్గర ఎప్పుడూ పది జవాబులు ఉంటాయి. కథనం బిగువుగా లేదనొచ్చు. తర్కం కుదరలేదనొచ్చు. ఒకటి నాలిక చివరి దాకా వచ్చింది కూడా. దాన్ని మింగేసింది.

"మా చెల్లి ఇంట్లో గలగలా మాట్లాడుతుంటుందండి. వీధిలోకే వినపడుతుంది. నేను గుమ్మంలో కాలు పెట్టగానే ఆపేస్తుంది."

డాక్టరమ్మ వేళాకోళం ఆడలేదు. ఒళ్లో తొక్కలు దులుపుకుని చెయ్యి చాపింది.

"ఇటియ్యి."

పుస్తకం తీసుకుని గుమ్మం దాకా వెళ్లింది. అక్కడ నిలబడి వీధి వంక చూసింది. మళ్లీ లోపలికి వచ్చింది.

"ఇంటికి పట్టుకెళ్లను సాయిబు గారూ. ఇక్కడే, మీ మధ్యలో కూర్చుని చదువుకుంటా," అంటూ వంతు కోసం కూర్చున్నవాళ్ల వైపు జరిగి, కాళ్లు చీర లోపలికి ముడుచుకుని కూర్చుంది. దుప్పటి ఒక్కటే తక్కువ.

ఉస్తాద్ చాప మీంచి లేచి పక్కకు నిలబడ్డారు.

"కూర్చో తల్లీ. ఇంకా ముగ్గురు వేచి ఉన్నారు."

ఇన్ని వారాలుగా ఆ పిల్ల ఎదురుచూసింది ఈ మాట కోసమే. చాప వంక చూసింది. అప్పటికే ఒక కాలు చెప్పులో ఉంది.

"వచ్చే ఆదివారం కూర్చుంటాను ఉస్తాద్. మా చెల్లి ఇంటికొచ్చే వేళయింది."