మరిడి చెప్పిన నొప్పి

సముద్రం ఇంకా ఊరికి ఆమడ దూరంలో ఉన్న కాలం. తాతలకు తాతలు కూడా పుట్టని కాలం. అప్పుడు ఉప్పుమళ్ల పక్కన మరిడి అనే మనిషి ఉండేది. మళ్లలో ఉప్పు పోగేసి, గంపకెత్తి, గట్టు మీద కుప్ప పోయడం ఆమె పని. మొగుడు అసిరయ్య. అత్త పెంటమ్మ. పెళ్లయిన చాలా ఏళ్లకు మరిడి నెల తప్పింది.

మూడో నెలలో ఉప్పుమడిలోనే కడుపు పట్టుకుని కూలబడింది. ఒళ్లు చల్లబడింది. ఇంటికి మోసుకొచ్చారు. తెలివొచ్చాక అంది:

"అత్తా, లోపల ఏదో తెగినట్టయింది."

"కడుపుతో ఉన్నదానికి నొప్పి రాదేటి? అందరికీ ఉండేదే" అంది పెంటమ్మ. గాలి సోకిందని వేపమండలతో దిగదుడిచింది. ఒంట్లో కాస్త ఓపిక రాగానే మరిడి మళ్లీ గంపెత్తింది.

కడుపు పెరిగింది. బిడ్డ కదిలింది. కదిలినప్పుడల్లా మరిడి పళ్లు బిగబట్టేది. మంత్రసాని గవరమ్మ వచ్చి పొట్ట మీద చెయ్యి వేసింది.

"అడ్డంగా ఉంది. తిరుగుతుందిలే."

"పిన్నీ, కాలు నా చర్మం కిందే తగులుతోంది చూడు. తంతే పేగుల్లో తన్నినట్టుంది. బిడ్డ ఉండాల్సిన చోట లేదు."

"ఎంతమందికి పురుడు పోశానే నేను. అందరికీ ఉండేదే" అంది గవరమ్మ.

అసిరయ్య బండి కట్టి పై ఊరి వైద్యుడి దగ్గరికి తీసుకెళ్లాడు. వైద్యుడు అరుగు దిగలేదు. ఉప్పుమళ్ల వాళ్లను ఆయన ముట్టుకోడు. అడిగింది కూడా అసిరయ్యనే.

"తింటుందా?"

"తింటుందయ్యా."

"నిద్రపోతుందా?"

"వెల్లకిలా పడుకోలేదయ్యా. కూర్చునే ఉంటుంది."

"అయ్యా, నా బిడ్డ..." అని మరిడి నోరు తెరిచింది.

"తొలిచూలు భయం. అందరికీ ఉండేదే" అని ఆయన లేహ్యం ఆకులో పెట్టి మెట్టు మీద ఉంచాడు.

తిరిగొచ్చేటప్పుడు మరిడి మొగుణ్ణి అడిగింది. "నువ్వైనా నమ్ముతావా?"

అసిరయ్య ఎడ్ల వైపే చూశాడు. "అంత పెద్దాయన చెప్పాడు కదే."

ఆ తర్వాత మరిడి ఎవరికీ ఏమీ చెప్పలేదు.

నెలలు నిండాయి. నొప్పులొచ్చాయి, ఆగాయి, మళ్లీ వచ్చాయి. ఉమ్మనీరు పోలేదు. బిడ్డ దారికి రాలేదు. గవరమ్మ ఆముదం రాసి పొట్టను పైనుంచి కిందికి అదిమింది. ఒకసారి అదిమింది. రెండోసారి అదిమింది. మూడోసారి అదిమినప్పుడు మరిడి కేక పెట్టింది. పొట్ట రాయిలా బిగిసింది. పెదాలు పాలిపోయాయి. బయటికి మాత్రం చుక్క నెత్తురు రాలేదు. పొద్దు వాలకముందే ప్రాణం పోయింది.

బిడ్డను కడుపులో ఉంచి తల్లిని పూడ్చకూడదని ఆ రోజుల్లో కట్టుబాటు. వేరు చెయ్యాల్సింది మంత్రసానే. గవరమ్మ కత్తి పెట్టింది. లోపలంతా నెత్తురే. ఆ నెత్తుట్లో, పేగుల మధ్య బిడ్డ ఉంది. మావి పేగులకే అతుక్కుని ఉంది, అదిమిన చోట ఊడివచ్చింది. గర్భసంచి కింద చిన్నగా, ఖాళీగా ఉంది. బిడ్డ పెరిగింది దాని బయట.

ఆడపిల్ల. తల నిండా జుట్టు. ఊపిరి లేదు.

గవరమ్మ పెంటమ్మనూ అసిరయ్యనూ లోపలికి పిలిచి చూడమంది.

"మరిడి చెప్పింది. మీకూ చెప్పింది, నాకూ చెప్పింది."

పెంటమ్మ బిడ్డ మీద గుడ్డ కప్పింది. "తెలిస్తే మాత్రం ఏం చేసేవాళ్లమే గవరా?"

"ఏమీ చెయ్యలేకపోయేవాళ్లమేమో. నేను మాత్రం అదిమేదాన్ని కాదు."

తల్లినీ బిడ్డనూ పక్కపక్కనే పూడ్చారు. మరుసటేడు అసిరయ్య మళ్లీ పెళ్లి చేసుకున్నాడు. గవరమ్మ బతికినన్నాళ్లూ ఏ గర్భిణి పొట్ట ముట్టాలన్నా ముందు చుట్టూ ఉన్నవాళ్ల నోళ్లు మూయించేది. ఎక్కడ నొప్పి అని ఒకటికి మూడుసార్లు ఆ పిల్లనే అడిగేది. ఆమె దగ్గర పని నేర్చినవాళ్లూ అలాగే అడిగారు.

ఇప్పుడు ఆ ఉప్పుమళ్లు లేవు. సముద్రం ఊరి దాకా వచ్చేసింది. అయినా ఆ పక్క ఊళ్లలో కడుపుతో ఉన్న పిల్ల నొప్పంటే, ఎవరైనా అందరికీ ఉండేదేనని అనబోతే, ముసలమ్మలు ఆపుతారు.

"ఆగండి. మరిడికీ అదే చెప్పారు."

అప్పుడు బండి కడతారు. ఆసుపత్రి ఉన్న పట్నం చాలా దూరం. కొందరు బిడ్డనెత్తుకుని తిరిగొస్తారు. కొందరు ఒంటరిగా తిరిగొస్తారు. కొందరిని అదే బండిలో పడుకోబెట్టి తెస్తారు.