జోడుమెట్ట మీద నుంచి చూస్తే

"చూసినంత మాత్రాన ఎవరికి నష్టం, గురువుగారూ?" అని నిరంజన్ అడిగాడు.

అతను అలా అడగడానికి కారణం ఒక పుస్తకం. నిరంజన్ విశాఖపట్నంలో ఇంజనీరు. సెలవొస్తే కొండలెక్కడమో, సైకిలు తొక్కడమో తప్ప అతనికి వేరే ధ్యాస ఉండేది కాదు. తనలాంటివాళ్లను పోగుచేసి ఒక బృందం కట్టాడు. మన్యంలో నడకకీ సైకిళ్లకీ అనువైన అందమైన చోట్లన్నీ తిరిగి, దారులు గుర్తించి, రంగుల బొమ్మలతో పుస్తకం వేశాడు. ఆ పుస్తకం పట్టుకుని పరాంకుశం గారి దగ్గరకు వచ్చాడు. ఆయన ఘాటు రోడ్డు మొదట్లో ఒక పెంకుటింట్లో ఉంటూ, వచ్చినవాళ్లకు వేదాంతం చెప్పేవారు. నేనూ అక్కడ పాఠం వింటున్న రోజులవి. పుస్తకం అట్ట మీద జోడుమెట్ట వ్యూపాయింట్ నుంచి అతనే తీసిన బొమ్మ ఉంది: లోయ, లోయలో మెలిక తిరిగి పారే గెడ్డ, గెడ్డలో ఒక రాతి మీద కూర్చుని తడి జుట్టు దులుపుకుంటున్న ఆడమనిషి వీపు. కింద ఉన్న బూరుగుపుట్టు ఊరివాళ్లు ఆ బొమ్మ తీసెయ్యమని రెండుసార్లు కబురు పెట్టారట. అది నిరంజన్‌కు అన్యాయంగా తోచింది.

"ఆమె ముఖమైనా కనిపించదు. మేం చెట్టు కొట్టలేదు, గెడ్డలో చెత్త వెయ్యలేదు. పైన నిలబడి చూశాం, అంతే. అందం భగవంతుడిది కదండీ. చూడొద్దనడానికి వాళ్లెవరు?"

పరాంకుశం గారు వాదించే మనిషి కాదు. వాదనలో గెలిచినవాడికి వినే ఓపిక పోతుందని ఆయన నమ్మకం. అట్ట మీది బొమ్మను చాలాసేపు చూసి, పుస్తకాన్ని బోర్లించి పీట మీద పెట్టారు. "ఆదివారం జోడుమెట్టకు పోదాం. నడిచే," అన్నారు.

ఆదివారం పొద్దున్నే ముగ్గురం బయలుదేరాం. నిరంజన్ తారు రోడ్డు వైపు తిరగబోతే ఆయన ఆపి, గెడ్డ వెంట పైకి పోయే కాలిబాట పట్టించారు. జోడుమెట్టకు లెక్కలేనన్నిసార్లు వెళ్లిన నిరంజన్ ఆ బాట ఎన్నడూ తొక్కలేదట. కొంత దూరం పోయాక నీళ్ల చప్పుడు దగ్గరైంది. అక్కడ మలుపు తిరగకముందే పరాంకుశం గారు ఆగి, గట్టిగా దగ్గి, "అమ్మా, దారినపోయేవాళ్లం, వస్తున్నాం!" అని కేక వేశారు. జవాబు లేదు. మళ్లీ వేశారు. కాసేపు నిలబడి, అప్పుడు కదిలారు. ఆ బాటన నడిచే మగవాళ్లందరూ అక్కడ అలాగే కేక వేస్తారని తర్వాత తెలిసింది.

మలుపు దాటితే బొమ్మలోని రాయి కళ్లెదుట ఉంది. గెడ్డలో ఎవరూ లేరు. "కూర్చో," అన్నారు ఆయన నిరంజన్‌తో. నిరంజన్ కూర్చున్నాడు. "ఇప్పుడు తలెత్తు."

తలెత్తితే కొండ అంచున రెయిలింగ్, దాని వెంట వరసగా తలలు. ఎత్తిపట్టిన ఫోన్లు. ఏదో కెమెరా అద్దం ఎండకు తళుక్కుమని మా మీదే ఆగింది. నిరంజన్ అలవాటు కొద్దీ చెయ్యి ఊపాడు. పైన ఎవడో ఈల వేశాడు. ఆ వెంటనే, "ఏయ్, బట్టలేసుకుని స్నానమేంట్రా! విప్పు!" అని ఒక గొంతు. గుంపంతా నవ్వింది. లోయ గోడల మధ్య ఆ నవ్వు పక్కనే నిలబడి నవ్వినట్టు వినిపించింది. నిరంజన్ చటుక్కున లేచాడు. చెవులు ఎర్రబడ్డాయి. "వాళ్లెవరో తాగి వచ్చినవాళ్లయి ఉంటారు," అన్నాడు. పరాంకుశం గారు బాట ఎక్కసాగారు.

పైకి చేరేసరికి వ్యూపాయింట్ సంతలా ఉంది. కార్లు, బస్సు, చెట్లకు ఆనించిన సైకిళ్లు, బొంగు చికెన్ పొగ. నిరంజన్ బృందం వాళ్లూ పదిమంది దాకా ఉన్నారు. రెయిలింగ్ మధ్యలో నిలువెత్తు ఫ్లెక్సీ కట్టి ఉంది. పుస్తకం అట్ట మీది బొమ్మనే పెద్దది చేసి, పైన "తప్పక చూడవలసిన చోటు" అని వేశారు. అందరూ దాని పక్కన నిలబడి ఫొటోలు దిగుతున్నారు. కొందరు ఆ వీపు మీద చెయ్యి వేసినట్టు నిలబడి దిగుతున్నారు.

అప్పుడే వచ్చారు బూరుగుపుట్టు ఆడవాళ్లు. పాతికమంది ఉంటారేమో. బిందెలు, ఉతకాల్సిన బట్టల మూటలు అన్నీ తెచ్చుకున్నారు. అరవలేదు, ఎవరినీ తోయలేదు. లోయకు వీపు పెట్టి, రెయిలింగ్ పొడవునా నేల మీద కూర్చున్నారు. కూర్చుని, వచ్చినవాళ్లను చూడడం మొదలుపెట్టారు.

మొదట అందరికీ సరదాగానే ఉంది. ఫోన్లు వాళ్ల వైపు తిరిగాయి. వాళ్లు తల తిప్పుకోలేదు, కొంగు సర్దుకోలేదు. చూస్తూనే ఉన్నారు. ఒకావిడ పిల్లలకు పులిహోర తినిపిస్తోంది. ఎదురుగా కూర్చున్న ముసలమ్మ ఆ చేతినీ, ఆ నోటినీ, కింద పడ్డ మెతుకునీ వదలకుండా చూసింది. ఆవిడ అటు తిరిగింది, ఇటు తిరిగింది, చివరికి డబ్బా మూత పెట్టేసింది. చెమటకు తడిసిన సైకిలు చొక్కా మార్చుకుంటున్న ఒకతను కారు చాటుకు వెళ్లాడు. ఇద్దరు ఆడవాళ్లు లేచి, కారుకు అవతల పక్క కూర్చున్నారు. అతను సగం తొడిగిన చొక్కాతోనే, "ఏంటలా చూస్తున్నారు? సిగ్గు లేదా?" అని అరిచాడు.

అందరికంటే పెద్దావిడ, పేరు దేవులమ్మ, నింపాదిగా అంది. "బాగుంది బాబూ. సూత్తన్నాం."

ఎవరూ నవ్వలేదు. నవ్వడానికి ఒకరిద్దరు ప్రయత్నించి మానుకున్నారు. బస్సులో వచ్చిన పెద్దమనిషి ఒకాయన కాపలా మనిషిని పిలిచి, "కుటుంబాలతో వచ్చాం. వీళ్లను ముందు ఇక్కణ్నించి పంపించు. మర్యాద తెలియని జనం," అన్నాడు. కాపలా మనిషి లక్ష్మయ్యది బూరుగుపుట్టే. దేవులమ్మ చెల్లెలి కొడుకు. మెడలో ఈల, ఒంటి మీద నీలం చొక్కా. ఇబ్బందిగా దగ్గరకు వచ్చి, "లెగండి పెద్దమ్మా, నా ఉజ్జోగం పోద్ది," అని గొణిగాడు.

"పోద్దేమో," అంది దేవులమ్మ. "ఒరే లచ్చుమయ్యా, పొద్దత్తమానం ఈ కమ్మీ కాడే నిలబడతావు గదా. కింద నీ అప్పసెల్లెళ్లు తానం సేత్తంటే ఈళ్లందరూ ఒంగి ఒంగి సూసినారు. ఒక్కనాడైనా ఆ ఈల ఊదినావేట్రా?"

లక్ష్మయ్య చెయ్యి ఈల దగ్గరే ఆగిపోయింది. మెడలోంచి దాన్ని తీసి జేబులో వేసుకుని, తల వంచుకుని బస్సు వెనక్కి వెళ్లిపోయాడు. "ఇదేం దౌర్జన్యం!" అని పెద్దమనిషి ఊగిపోతున్నాడు. నిరంజన్ స్నేహితులు అతని చుట్టూ చేరారు. "నీకు వీళ్ల సంగతి తెలుసుగా, నువ్వు మాట్లాడు," అని ముందుకు తోశారు.

నిరంజన్ దేవులమ్మ ముందు గొంతుకూర్చున్నాడు. మంచిగానే మాట్లాడాడు. ఎవరో నలుగురు పోకిరీలు చేసిన పనికి అందరినీ శిక్షించడం న్యాయం కాదన్నాడు. ఊరికి రోడ్డు వచ్చింది, దుకాణాలు వచ్చాయి, ఈ చోటుకు పేరు వచ్చింది అన్నాడు. ఆమె అంతా విని, తల తిప్పకుండానే వేలితో ఫ్లెక్సీ చూపించింది.

"అది మా కోడలు."

నిరంజన్ ఫ్లెక్సీ వైపు తిరిగి చూశాడు. "ముఖం కనపడడం లేదు కదమ్మా," అన్నాడు.

"మొకం లేపోతే మనిసి కాదేటి బాబూ?" ఆమె గొంతు అప్పుడు పెరిగింది. "ఆ పిల్ల పచ్చి బాలింత. పురుటి తానానికి దిగింది. సంతకెల్తే మొగోళ్లు ఫోన్లో ఆ బొమ్మ సూపించి నవ్వినారు. ఆనాటి నుంచి గెడ్డకి రాదు. గొడ్ల సావిట్లో తలుపేసుకుని, సెంబుడు నీళ్లతో ఒళ్లు తుడుసుకుంటది. ఆ గెడ్డ మా అమ్మమ్మలు తానమాడిన గెడ్డ. మీరు సూడ్డానికొచ్చినారు, మాము దాక్కోవాలా? తీసెయ్యమని కబురంపినాం. ఎవుడికైనా సెవినెక్కిందా? ఆ బొమ్మ తీసినోడు అమ్మకి పుట్నాడో రాతికి పుట్నాడో, వొక్కసారి ఎదరపడితే అడగాలనుంది."

ఎదురుగా కూర్చున్నది అతనే అని ఆమెకు తెలియదు. నేను నిరంజన్ ముఖం చూడలేక పక్కకు తిరిగాను. అతను ఆ మాట చెప్పేస్తాడేమో అనుకున్నాను. చెప్పలేదు. లేచి, తిన్నగా ఫ్లెక్సీ దగ్గరకు వెళ్లి తాళ్లు లాగడం మొదలుపెట్టాడు. ముడులు బిగుసుకుని ఉన్నాయి. పళ్లతో కొరికాడు. స్నేహితులు పరుగెత్తుకొచ్చి, "పిచ్చా నీకు? ఇన్ని ఊళ్లు తిరిగి వేసిన పుస్తకం! వీళ్లకు లొంగితే రేపు ప్రతి కొండ మీదా ఇదే గోల," అని చేతులు పట్టుకున్నారు. వాళ్లను విదిలించుకున్నాడు. మోచెయ్యి ఎవరికో తగిలి తిట్లు మొదలయ్యాయి. పెద్దమనిషి పోలీసులను పిలుస్తానన్నాడు. ఆ గొడవంతా ఆడవాళ్లు చూస్తూ కూర్చున్నారు. బొమ్మ కింద పడ్డాక కూడా ఒక్కరూ లేవలేదు.

పరాంకుశం గారు దూరంగా రోడ్డు పక్కన ఒక బండ మీద కూర్చుని ఉన్నారు. ఆయన కోపం నేను అంతవరకు చూడలేదు. ఆ రోజు ఆయన దవడ బిగుసుకుని ఉంది. నిరంజన్ ఫ్లెక్సీని చుట్టి, చంకన పెట్టుకుని ఆయన దగ్గరకు వచ్చాడు. రొప్పుతున్నాడు. పెదవి చిట్లి రక్తం వస్తోంది. అయినా కళ్లలో ఏదో వెలుగు, పాఠం తప్పు లేకుండా అప్పజెప్పినవాడి వెలుగు.

"నాకు అర్థమైంది గురువుగారూ," అని ఆ చుట్టను ఆయన పాదాల దగ్గర పెట్టాడు. "పుస్తకాలన్నీ వెనక్కి తెప్పిస్తాను. నన్ను క్షమించండి."

పరాంకుశం గారు పాదాలు వెనక్కి తీసుకున్నారు.

"నా దగ్గరికెందుకొచ్చావు?" అన్నారు. "ఆవిడ ఇంకా అక్కడే కూర్చుని ఉంది."