రత్తమ్మత్త నిమ్మతోటకు బుర్రావారి ట్రాక్టరు

మా వీధి చివర బుర్రావారి ఇల్లు. వాళ్ళంత తెలివైనవాళ్ళు ఈ చుట్టుపక్కల లేరు. ఈ ముక్క నేనన్నది కాదు సుమండీ, వాళ్ళే రోజూ అరుగు మీద కూర్చుని చెప్పుకుంటారు. ఎవరైనా ఒక పని చెప్తే చెప్పింది చెప్పినట్టు చేస్తారట, వెంట్రుకవాసి కూడా తేడా రానివ్వరట.

"లోకంలో గొడవలన్నీ ఎందుకొస్తున్నాయి? చెప్పేదొకటి, చేసేదొకటి అయ్యి," అంటాడు పెద్దాడు జోగయ్య.

"మనింట్లో ఆ బాధ లేదు," అంటాడు తమ్ముడు కోటేశు.

జోగయ్య పెళ్ళాం మంగతాయారు ఇద్దరికీ మజ్జిగ పోస్తూ తలూపుతుంది. ఆవిడగార్ని ఒకసారి పాలు పొంగేదాకా చూడమంటే, పొంగేదాకా చూసింది. పొంగాక పొయ్యి ఆర్పమని ఎవరూ చెప్పలేదు కాబట్టి, గిన్నె మాడేదాకా కూడా చూసింది.

వీళ్ళకి రత్తమ్మ అని మేనత్త ఉంది. పిల్లల్లేరు. మొగుడు పోయాక ఊరి బయట అరెకరంలో నిమ్మమొక్కలు వేసుకుని, బిందెలతో నీళ్ళు మోసి, కన్నబిడ్డల్లా పెంచింది. ఈ ఏడే మొదటి పూత. మోకాళ్ళు అరిగిపోయి ఇప్పుడు గడ్డి పీకలేకపోతోంది పాపం, గడ్డేమో మొక్కల నడుందాకా వచ్చేసింది. ఓ రోజు మేనల్లుళ్ళని పిలిపించింది.

"ఒరేయ్, కంటి ఆపరేషన్‌కి గుంటూరు వెళ్తున్నా. వచ్చే ఆదివారానికి గానీ రాను. ఈలోగా గడ్డి కోసే చిన్న ట్రాక్టరు ఒకటి చూసి కొనండి, డబ్బు నేనిస్తా. నేనొచ్చేసరికి గడ్డంతా పోయి తోట శుభ్రంగా ఉంటే మీకే రాసిచ్చేస్తా. లేదంటే మా మరిది కొడుక్కి ఇచ్చేస్తా. వాడెప్పట్నుంచో కాచుక్కూర్చున్నాడు."

వాళ్ళకి సొంతానికి సెంటు భూమి లేదు. ఆ తోటొస్తే ఒకరి పొలంలో కూలికెళ్ళే అవసరం ఉండదు. అంతే, మర్నాడు పొద్దున్నే ముగ్గురూ తలకి నూనె రాసుకుని బస్సెక్కి టౌనుకి పోయారు.

ట్రాక్టర్ల షాపు యజమాని గోవర్ధనం చాలా మర్యాదస్తుడు. కుర్చీలేశాడు, టీ తెప్పించాడు. "ఎంత భూమండీ మీది?" అనడిగాడు.

"అరెకరం. అందుకని మాకు అర ట్రాక్టరు చాలు," అన్నాడు జోగయ్య.

గోవర్ధనం టీ గుటకేయడం మర్చిపోయాడు.

"ముందు సగం తీసుకుందాం అన్నయ్యా, ఇంజను అటే ఉంది," అన్నాడు కోటేశు.

"సీటు వెనకుంది కదా మరిదీ. మీ అన్నయ్య నిలబడి తోలతారా?" అంది మంగతాయారు. సీటు కోసం వెనక సగమా, ఇంజను కోసం ముందు సగమా అని అక్కడే కాసేపు కీచులాడుకున్నారు.

గోవర్ధనం ఓపిగ్గా చెప్పాడు. సగాలు అమ్మరట. వాళ్ళు చూస్తున్న ఆ పెద్దది దుక్కి దున్నడానికట. ఈ చిన్నదైతే కింద బ్లేడు తిరిగి గడ్డి కోస్తుందట, వెనక చిన్న తొట్టి తగిలిస్తే ఎరువు కూడా లాగుతుందట. "చిన్నవాటిలోనూ వెడల్పులు వేరువేరుగా ఉన్నాయండి. మొక్కల వరసల మధ్య సందు ఎంతుందో కొలిచి పట్టుకురండి, దానికి సరిపోయేది ఇస్తాను."

ఇంకేముంది, తోటకి పరిగెత్తారు. ఒక వరస దగ్గర మంగతాయారు, పక్క వరస దగ్గర కోటేశు నిలబడి మోకు బిగించి పట్టుకున్నారు. కొలత దొరికింది. ఇప్పుడు దాన్ని టౌనుదాకా ఎలా తీసుకెళ్ళడం?

"మోకు చుట్టేద్దామా?" అంది మంగతాయారు.

"చుడితే సందు మూరెడైపోదూ? ఆ మూరెడు సందులో ఏ ట్రాక్టరు పడుతుంది? అలాగే పట్టుకుని నడవండి," అన్నాడు జోగయ్య.

అంతే. వదిన రోడ్డుకి ఈ పక్క, మరిది ఆ పక్క, మధ్యలో బిగుతుగా మోకు. ముందు జోగయ్య తువ్వాలు ఊపుకుంటూ, "తప్పుకోండి, సందు వస్తోంది, సందు వస్తోంది," అని కేకలు. బస్సు ఆగింది. వెనక ఇంకో బస్సు ఆగింది. ఎదురుగా గొర్రెల మంద వచ్చింది. ఒక గొర్రె మోకు కిందనుంచి దూరితే మిగతావన్నీ దాని వెంట దూరాయి. ఒక పొట్టేలు మాత్రం మోకుని కొమ్ములకి చుట్టుకుని లాక్కుపోయింది. కొలత చెడిపోయిందని మళ్ళీ తోటకి పోయి, మళ్ళీ బిగించి, మళ్ళీ బయల్దేరారు. చెప్పొద్దూ, ఆ రెండో బస్సులో నేనున్నాను. నాకు ఒళ్ళు మండిపోయింది గానీ, దిగి చూస్తే నవ్వు ఆగలేదు.

షాపు గుమ్మంలోంచి మోకు అడ్డంగా పట్టలేదు. గుమ్మం పీకించమన్నాడు జోగయ్య. గోవర్ధనం దణ్ణం పెట్టి, ట్రాక్టర్లనే ఒక్కొక్కటీ బయటికి తెప్పించి మోకు పక్కన నిలబెట్టాడు. ఎర్రది ఒకటి సరిగ్గా సరిపోయింది. అది కొన్నారు. నిజం చెప్పాలంటే మంచి బండే ఎంచుకున్నారు.

"కొత్త బండి, మొదట్లో దీనికి బరువు పని పెట్టకండి. ఇంకో మాట. గడ్డిలో రాళ్ళూ రప్పలూ ఉంటాయి. బండికి అడ్డొచ్చేవన్నీ ముందే తీసేసి, అప్పుడు కొయ్యండి," అని జాగ్రత్తలు చెప్పాడు గోవర్ధనం.

బయటికొచ్చాక అన్నదమ్ములిద్దరూ మంగతాయారు వంక చూశారు. మంగతాయారు కూడా తన వంక చూసుకుంది. మనిషి కాస్త నిండుగా ఉంటుంది లెండి. ముగ్గుర్నీ మోసుకుని ఊరిదాకా వెళ్ళడం బరువు పని కాదూ? అందుకని ట్రాక్టర్ని తోలలేదు. నూట్రల్‌లో పెట్టి, ముగ్గురూ వెనకనుంచి తోసుకుంటూ ఊరికి చేర్చారు. ఊళ్ళోకి వచ్చేసరికి చెమటతో తడిసి ముద్దయ్యారు, ట్రాక్టరు మాత్రం చల్లగా ఉంది.

"చూశావా, కొంచెం కూడా అలిసిపోలేదు," అని దాన్ని నిమిరాడు కోటేశు.

మర్నాడు తోటలో పని మొదలు. రాళ్ళేరారు. కొబ్బరి చిప్పలేరారు. పాత చెప్పొకటి దొరికితే తీసి అవతల పడేశారు. జోగయ్య సీటెక్కి రెండు గజాలు పోనిచ్చి ఆపాడు.

"ఏమైంది అన్నయ్యా?"

"ఏదో అడ్డొచ్చిందిరా."

"నిమ్మమొక్క."

ఇటు తిప్పాడు. ఇంకో నిమ్మమొక్క. అటు తిప్పాడు, మళ్ళీ నిమ్మమొక్కే. జోగయ్య దిగి నడుం మీద చేతులు పెట్టుకున్నాడు. "రాయి ఎక్కడో ఒకటుంది. అసలు అడ్డమంతా వీటితోనే."

"అవి అత్తయ్య మొక్కలండీ," అని నసిగింది మంగతాయారు.

"షాపాయన ఏమన్నాడు? అన్నీ తీసెయ్యమన్నాడా, కొన్నా?"

అన్నీ అనే అన్నాడు మరి. ఇంకేముంది, గునపాలు తెచ్చారు. ట్రాక్టరుకి తాడు కట్టి లాగితే బరువు పని అవుతుందని చేతులతోనే తవ్వారు. శనివారం చీకటి పడేలోపు ఒక్క మొక్క మిగల్లేదు. అన్నిటినీ కంచె పక్కన వరసగా పడుకోబెట్టారు. మంగతాయారు మనసు ఊరుకోక వేళ్ళకి గోనెపట్టాలు చుట్టి నీళ్ళు చల్లింది. చెప్పని పని చేసినందుకు మొగుడు చీవాట్లు పెట్టాడు. తర్వాత గుంటలు పూడ్చి ట్రాక్టరెక్కితే, చెప్పానుగా మంచి బండని, అరెకరమూ నున్నగా కోసిపారేసింది.

ఆదివారం రత్తమ్మ నల్లద్దాలు పెట్టుకుని ఆటో దిగింది. తోట వంక చూసింది. అద్దాలు తీసి తుడుచుకుంది. మళ్ళీ పెట్టుకుని చూసింది.

"ఒరేయ్ జోగా, ఆపరేషన్ చెడినట్టుందిరా. నాకు మొక్కలు కనపడట్లేదు," అంది గాభరాగా.

"నీ కళ్ళు బ్రహ్మాండంగా ఉన్నాయత్తా. మొక్కలే లేవు," అన్నాడు జోగయ్య.

రత్తమ్మ అక్కడే కూలబడింది. తిట్టలేదు. "ఎన్ని బిందెలు మోశానురా," అని మాత్రం అంది. అది విని మంగతాయారుకి ఏడుపొచ్చి, చెయ్యి పట్టుకుని కంచె దగ్గరికి తీసుకెళ్ళింది. రత్తమ్మ గోనె విప్పి వేళ్ళు తడిమి చూసింది. తడి ఉంది. ఆకు ఇంకా వాడలేదు. ప్రాణం లేచొచ్చింది ఆవిడకి.

"బతికే ఉన్నాయి. ఒరేయ్, నేను ఇంటికెళ్ళి మందేసుకుని వస్తా. ఈలోగా తోట ముందెలా ఉండేదో అలా చేసి పెట్టండి. చేస్తే ఇప్పటికీ మీకే."

సాయంత్రం వచ్చి చూస్తే ఒక్క మొక్కా నాటలేదు. ముగ్గురూ ఒక మూల గొంతుక్కూర్చుని ఉన్నారు. ఒళ్ళో కుప్పలుగా కోసిన గడ్డి, చేతుల్లో దారపుండలు. తెగిన గడ్డిపోచని దాని మోడుకి ఆనించి, దారం చుట్టి, ముడేస్తున్నారు.

"మొక్కలేవిరా?"

"ఆగత్తా, వరస ప్రకారం రావాలి. చివర తీసింది మొక్కల్ని కాదు, గడ్డిని. ముందది అతికించాకే మొక్కలు," అన్నాడు కోటేశు, పళ్ళతో దారం కొరుకుతూ.

రత్తమ్మ గునపం తీసుకుని, ఆ మోకాళ్ళతోనే కూర్చుని గుంట తవ్వడం మొదలెట్టింది. మంగతాయారు దారపుండ కింద పెట్టింది. జోగయ్య కళ్ళెర్రజేశాడు. ఆవిడ లెక్కచెయ్యలేదు. వెళ్ళి మొదటి మొక్క ఎత్తుకొచ్చి గుంటలో నిలబెట్టింది.

"తోట నీకే రాస్తానే మంగా. వీళ్ళిద్దర్నీ మాత్రం కంచె దాటనివ్వకు," అంది రత్తమ్మ మట్టి కప్పుతూ.

అవతల అన్నదమ్ములకి ఇదేం వినపడలేదు. ముడులు వేసి వేసి వేళ్ళు వాచిపోయాయి, అయింది చూస్తే చాపెడంత కూడా లేదు. కోటేశు కాసేపు తల గోక్కున్నాడు.

"అన్నయ్యా, ట్రాక్టరు ముందుకి పోతే గడ్డి తెగింది కదా?"

"తెగింది."

"అయితే వెనక్కి తోలు."

జోగయ్య తమ్ముణ్ణి కావలించుకున్నాడు. అంతే, సీటెక్కి, బ్లేడు తిప్పి, రివర్సు గేరేసి, పొద్దుట్నుంచి ముడులేసిన మూలనుంచే వెనక్కి మొదలెట్టాడు. దారం ముక్కలూ గడ్డి ముక్కలూ గాల్లోకి లేచాయి. కోటేశు బండి ముందు వంగి వంగి నడుస్తూ నేలంతా వెతికాడు.

"ఇంకా అతుక్కోలేదు అన్నయ్యా. కాస్త స్పీడు పెంచు."