కాటా ఎక్కిన చలానా

లింగాల వారింట్లో ఉన్నది ముగ్గురన్నదమ్ములే గానీ తెలివి మాత్రం పదిమందికి సరిపడా ఉంది. ఈ మాట నేనన్నది కాదమ్మా, వాళ్ళే అంటారు. పొద్దున్నే పళ్ళు తోముకుంటూ పెద్దవాడు ధర్మలింగం అరుగు మీద నిలబడి, "మనం లేకపోతే ఈ గుమ్మడిలంకకి బుద్ధి చెప్పేవాడెవడ్రా" అంటాడు. "ఎవడూ లేడన్నయ్యా" అంటాడు నడిమివాడు కోటిలింగం. చిన్నవాడు రామలింగం వీధి చివరిదాకా వెళ్ళి చూసొచ్చి, "నిజమే, ఎవడూ లేడు" అంటాడు. ధర్మలింగం పెళ్ళాం నాంచారమ్మ ముగ్గురికీ కలిపి ఉప్పుతో దిష్టి తీస్తుంది.

నాది పక్కిల్లే. మధ్యలో ఒక్క గోడ. ప్రతిదానికీ "సూరమ్మ పిన్నీ, ఏం చెయ్యమంటావ్" అని గోడ మీంచి తల పెడతారు. నా నోరు ఊరుకుంటుందా, చెప్తాను. అక్కడే వస్తుంది చిక్కంతా.

ఆ మధ్య టౌన్లో పాలడైరీ మేనేజరు రంగనాయకులు గారు కోటిలింగానికి వ్యాను డ్రైవరుగా ఉద్యోగం ఇస్తానన్నారు. "సోమవారం వచ్చి చేరు. కానీ నీ పేరున తీరని చలానా ఒక్కటున్నా నాకొద్దు" అన్నారట. ముప్పై నాలుగేళ్ళొచ్చినా వాడికి పిల్లనిచ్చినవాడు లేడు. ఈ ఉద్యోగం దొరికితే ఏదో ఒక సంబంధం కుదురుతుందని నాంచారమ్మ ఆశ. వాడైతే అప్పుడే ఖాకీ చొక్కా కుట్టించుకుని, అది వేసుకునే పడుకుంటున్నాడు. పాపం, నాకూ ముచ్చటేసింది.

ఇంకేముంది, మర్నాడే చలానా వచ్చి పడింది. రెండొందలు. హెల్మెట్ పెట్టుకోకుండా మోపెడ్ నడిపాడని. కాగితం మీద ఫోటో కూడా ఉంది. ముందు కోటిలింగం ఒట్టి తలతో కూర్చుని ఉన్నాడు. వెనక పాలడబ్బా ఉంది. హెల్మెట్ ఆ డబ్బా మీద ఉంది, పట్టీ బిగించి మరీ.

"ఇదేం పనిరా" అన్నాను.

"వదిన పాలు జాగ్రత్త అంది పిన్నీ, తల జాగ్రత్త అనలేదు. అయినా తల పగిలితే కుట్లు వేస్తారు. పాలు ఒలికితే ఎవడు కుడతాడు?"

"సర్లే, ఆ రెండొందలూ కట్టి పారెయ్."

"కట్టిన డబ్బు మళ్ళీ పారెయ్యడం దేనికి పిన్నీ, దండగ కదా" అన్నాడు ధర్మలింగం. నేను నోరు మూసుకోవాల్సింది. మూసుకోలేదు.

ఆ పూటంతా వాళ్ళింట్లో సభ. కట్టాలా, కోర్టుకెళ్ళి మా తప్పు లేదనాలా? కాగితం మీద రెండూ రాశారాయె. కట్టేద్దామంది నాంచారమ్మ. "స్టూడియోకెళితే ఇంత ఫోటోకి ఎంత గుంజుతారో తెలుసా? పైగా వీళ్ళు ఇంటికి పంపించారు" అంది.

"నవ్వలేదుగా వదినా. పెళ్ళివారికి చూపిద్దామంటే మొహం మాడ్చుకున్నట్టుంది. ఇంకోటి తీస్తేనే కడతామందాం" అన్నాడు రామలింగం.

"అసలు హెల్మెట్ లేదని రాశారు. ఫోటోలో కళ్ళెదురుగా ఉంది. వాళ్ళ ఫోటోయే మనకి సాక్షి. కోర్టుకే వెళదాం" అన్నాడు ధర్మలింగం.

"కోర్టులో తేలకపోతే నా ఉద్యోగం పోతుందేమో" అని కోటిలింగం గొణిగాడు. వాళ్ళందరిలోకీ ఆ పూట కాస్త పనికొచ్చే మాట అదొక్కటే. ఎవరూ వినలేదు.

చీకటి పడేదాకా ఎటూ తేలలేదు. గోడ మీంచి ధర్మలింగం తల వచ్చింది. పొయ్యి మీద నా పప్పు అడుగంటుతోంది. ఆ కంగారులో, "రెండు పక్కలా బాగా తూచి చూసుకోండిరా. ఏది బరువనిపిస్తే అది చెయ్యండి" అని లోపలికి పరిగెత్తాను.

అంతే. ధాన్యం తూచే కాటా పశువుల పాక దూలానికి వేలాడదీశారు. ఈ పళ్ళెంలో కట్టాల్సిన డబ్బు పెట్టారు, రెండు నోట్లు. ఆ పళ్ళెంలో కోర్టు పెట్టాలి. కోర్టుని తేవడమెలా? ధర్మలింగం బుర్ర గోక్కుని, "కోర్టుకెళ్ళేది కోటిలింగం కాబట్టి వాణ్ణే కూర్చోబెట్టండి" అన్నాడు. వాడు కూర్చున్నాడు. పళ్ళెం ధబ్బున నేలకి తగిలింది. నోట్లు ఎగిరి గేదె కుడితిలో పడ్డాయి.

"చూశారా, కోర్టే బరువు" అన్నాడు ధర్మలింగం. ఇంకా సందేహం తీరక రామలింగం ఇంకో నోటు వేసి చూశాడు. అయినా కోర్టే బరువుగా ఉంది.

మర్నాడు టౌనుకెళ్ళి కోర్టు గుమాస్తాని కనుక్కున్నారు. ఆయన తల పైకెత్తకుండానే, "శుక్రవారం రండి. చలానా పడిన రోజు నువ్వు ఎలా వెళ్ళావో జడ్జి గారికి ఉన్నదున్నట్టు చూపించుకో" అన్నాడట. ఆయనకేం తెలుసు పాపం, ఎవరితో మాట్లాడుతున్నాడో.

శుక్రవారం నాంచారమ్మా నేనూ బస్సులో వెళ్ళి కోర్టు గేటు దగ్గర నిలబడ్డాం. దూరాన్నుంచి మోపెడ్ వస్తోంది. కోటిలింగం తల ఒట్టిది. డబ్బాకి హెల్మెట్. ఉన్నదున్నట్టు ఉండాలని డబ్బా నిండా పాలు కూడా పోశారు. తమ్ముణ్ణి కోర్టుకి ఒంటరిగా పంపకూడదని డబ్బాకి అటు ధర్మలింగం, ఇటు రామలింగం వేలాడుతున్నారు. గేటు దగ్గర ట్రాఫిక్ కానిస్టేబులు కాసేపు కళ్ళప్పగించి చూశాడు. తర్వాత పుస్తకం తీసి హెల్మెట్ లేనందుకు ఒకటి, ముగ్గురెక్కినందుకు ఒకటి రాసి చేతిలో పెట్టాడు.

"ఇవి కూడా కోర్టుకేనా?" అనడిగాడు రామలింగం.

జడ్జి గారు పెద్దావిడ. పాలడబ్బా బల్ల ముందుకి రావడం చూసి కళ్ళజోడు సర్దుకున్నారు.

"హెల్మెట్ ఎందుకు పెట్టుకోలేదు?"

"పెట్టానండీ, డబ్బాకి."

"బండి నడిపేది నువ్వా, డబ్బానా?"

"నేనేనండీ. డబ్బాకి లైసెన్సు లేదు" అన్నాడు కోటిలింగం.

జడ్జి గారు కాసేపు చేత్తో నోరు మూసుకున్నారు. ఆ పైన చలానాలన్నీ అక్కడే కట్టేయమన్నారు. రెండొందలతో పోయేది పదిహేనొందలైంది. నాంచారమ్మ కొంగుముడి విప్పుతుంటే నాకు ప్రాణం ఉసూరుమంది. జడ్జి గారు మాత్రం నెమ్మదిగానే చెప్పారు. "చూడు నాయనా, ఇంకొక్క చలానా పడిందంటే నీ లైసెన్సు తీసేసుకుంటాను. ఎర్రలైటు పడితే ఆగు. పచ్చలైటు వచ్చేదాకా కదలకు. తెలిసిందా?"

"తెలిసిందండీ" అన్నాడు కోటిలింగం. వాడు తెలిసిందంటే నాకు భయం.

ఎలాగైతేనేం చలానాలు తీరిపోయాయి. సోమవారం తెల్లారేసరికి రసీదులు చూసుకుని రంగనాయకులు గారు వ్యాను తాళాలు చేతికిచ్చారు. ఊళ్ళన్నీ తిరిగి ఇరవై క్యాన్ల పాలు ఎక్కించుకుని కోటిలింగం ఏడింటికల్లా టౌను మొదట్లో సిగ్నల్ దగ్గరికొచ్చాడు. ఎర్రలైటు. ఆగాడు. ఆ సిగ్నల్ ఆ పొద్దున్నే చెడిపోయింది, ఎర్ర దగ్గరే ఉండిపోయింది. మిగతా జనం అటూ ఇటూ చూసుకుని వెళ్ళిపోతున్నారు. వీడు కదలడు.

ఎనిమిదైంది. పదైంది. ఎండ మాడ్చేస్తోంది. కానిస్టేబులు వచ్చి, "లైటు చెడిపోయిందయ్యా, నేను చెప్తున్నాగా, వెళ్ళు" అన్నాడు.

"మీరు పచ్చగా లేరు కదండీ" అన్నాడు కోటిలింగం.

కబురందుకుని ఇంటిల్లిపాదీ బయల్దేరారు. నాంచారమ్మ మజ్జిగన్నం పట్టుకెళ్ళి వ్యాను కిటికీలోంచి ముద్దలు పెట్టింది. "వెళ్ళరా నాయనా, పాలు పాడైపోతాయి" అని నేను బతిమాలాను. "పాలు పోతే రేపు మళ్ళీ పితుకుతారు పిన్నీ. లైసెన్సు పోతే ఉద్యోగం పోతుంది" అన్నాడు. వాడి కళ్ళల్లో నీళ్ళు. నిజంగా భయపడుతున్నాడు వెధవ.

ఇక లాభం లేదని ధర్మలింగం ఓ నిచ్చెన అడిగి తెచ్చి, అరిటాకు ముక్క పట్టుకుని స్తంభం ఎక్కాడు. ఆకు లైటు మీద కప్పి, "ఇదిగో, పచ్చదొచ్చింది" అన్నాడు. అంతే, వ్యాను కదిలింది. అప్పటికి మధ్యాహ్నం రెండు.

డైరీలో మూతలు తీసేసరికి వాసన వీధిదాకా కొట్టింది. ఇరవై క్యాన్ల పాలూ విరిగి ముద్దయిపోయాయి. రంగనాయకులు గారు ఒక్కో క్యానూ చూసుకుంటూ చివరిదాకా వెళ్ళి వెనక్కొచ్చారు.

"చలానా ఒక్కటి కూడా పడలేదండీ" అన్నాడు కోటిలింగం ఆశగా.

ఆయన అరవలేదు. అరిచే ఓపిక కూడా పోయినట్టుంది. "రేపటి నుంచి నీ మొహం నాకు చూపించకు" అని లోపలికెళ్ళిపోయారు.

ఆ సాయంత్రం వాళ్ళింట్లో పొయ్యి వెలగలేదు. ఖాకీ చొక్కా విప్పి మడతపెడుతూ కోటిలింగం వెక్కి వెక్కి ఏడ్చాడు. గోడ దగ్గర నిలబడ్డానే గానీ, సలహా ఒక్కటి చెప్తే ఒట్టు. ఈసారి నా తప్పేమీ లేదని మీరు సాక్ష్యం చెప్పాలి.

అప్పుడు ధర్మలింగం, "ఆయన సరిగ్గా ఏమన్నారో చెప్పరా" అన్నాడు. కోటిలింగం చెప్పాడు. "మొహం చూపించొద్దన్నారు. పనిలోకి రావద్దన్నారా?"

"అనలేదు" అన్నాడు కోటిలింగం.

"మరి ఏడుస్తావేంరా, పిచ్చివెధవా."

ఇంకేముంది, చొక్కా మడత విప్పారు. మర్నాడు తెల్లారకముందే నాంచారమ్మ బియ్యం చెరిగే పెద్ద చేట తీసి తుడిచి రామలింగం చేతికిచ్చింది. వాడు అన్న మొహానికి చేట అడ్డం పెట్టి, చెయ్యి పట్టుకుని డైరీ దాకా నడిపించుకెళ్ళాడు. తాళాలు మేకుకే ఉన్నాయి. కోటిలింగం వ్యానెక్కాడు. రామలింగం పక్కన కూర్చుని చేట మొహానికి మళ్ళీ అడ్డం పెట్టాడు.

వ్యాను మెల్లగా కదిలింది. గేటు వైపు వెళ్ళాల్సింది, ఆఫీసు వైపు తిరిగింది. తలుపుని ఊడగొట్టుకుని, కుర్చీలు నెట్టుకుంటూ లోపలికెళ్ళి సరిగ్గా రంగనాయకులు గారి బల్ల ముందు ఆగింది. ఆయన చేతిలో కాఫీ గ్లాసు అలాగే ఉండిపోయింది.

"చేట దించకురా, ఆయనెక్కడున్నారో ఏమో" అని కోటిలింగం తమ్ముడి చెవిలో చెప్పాడు. ఎందుకైనా మంచిదని రామలింగం తన మొహాన్ని కూడా చేట చాటుకి లాక్కున్నాడు.